పనికి తగ్గ కళ్ళజోడు

కళ్ళజోడు కొనడానికి వచ్చినవాళ్ళు ముందుగా అడిగేది, "నా మొహానికి ఏది నప్పుతుందండీ?" అని. తప్పేం లేదు. రోజూ మొహాన పెట్టుకు తిరగాల్సిన వస్తువు, నచ్చకపోతే పెట్టుకోరు. కానీ ఫ్రేముల అర వైపు వెళ్ళకముందే నేను అడిగే ప్రశ్నలు వేరు. ఏం పని చేస్తారు? ఆ పని చేసేటప్పుడు కంటికీ చేతికీ మధ్య దూరం ఎంత? కంట్లో పడేవి ఏమైనా అక్కడ ఎగురుతుంటాయా? రాజమండ్రిలో కూర్చుని కళ్ళు చూసే నాలాంటి ఆప్టోమెట్రిస్టుకి, చార్టు మీద ఎన్ని వరసలు చదివారన్నది ఎంత ముఖ్యమో ఈ మూడింటి జవాబులూ అంతే ముఖ్యం.

ఎందుకంటే ఈ డెల్టాలో బతుకుతెరువులు చాలావరకు కంటితో ముడిపడ్డవే. ధవళేశ్వరం దిగువన కడియం నర్సరీలు, కోనసీమ కొబ్బరి, తణుకు, తాడేపల్లిగూడెం చుట్టూ వరిచేలు, భీమవరం, ఉండి వైపు చేపల, రొయ్యల చెరువులు, నరసాపురం లేసు, ఉప్పాడ మగ్గాలు. కొన్ని పనుల్లో కంటికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. కొన్నింటిలో చూపు మందగిస్తే పనే ఆగిపోతుంది. రెండింటికీ కళ్ళజోడే కావాలి, కానీ ఒకే కళ్ళజోడు కాదు. ఇంట్లో పేపరు చదువుకునే జోడు పెట్టుకుని చెరువులో సున్నం చల్లడానికి వెళితే, పెట్టుకున్నా లేనట్టే.

1996 నుంచి 2000 వరకు ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉమ్మడి రాష్ట్రంలో పదివేల మందికి పైగా జనాన్ని పరీక్షించింది. హైదరాబాద్, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్‌తో పాటు ఆ అధ్యయనానికి ఎంచుకున్న నాలుగో ప్రాంతం మన పశ్చిమ గోదావరి జిల్లాయే. చూపు కోల్పోవడానికి కారణాల్లో శుక్లాలది 44 శాతం. ఆ తర్వాతి స్థానం సరిచేయని దృష్టిదోషానిది, 16 శాతం. అంటే చూపు లేనివాళ్ళలో దాదాపు ఆరుగురికి ఒకరు ఈ రెండో కోవకు చెందినవాళ్ళు. వేళకి సరైన అద్దాలు అందితే ఆ దోషంలో చాలా భాగం దిద్దుకోవచ్చు. ఈ సంగతి నాకెప్పుడూ మింగుడుపడదు.

ముందు వరి సంగతి చూద్దాం. సార్వా కోతలు నవంబర్, డిసెంబర్‌లలో, దాళ్వా కోతలు ఏప్రిల్‌లో వస్తాయి. ఆ రోజుల్లో మా దగ్గరికి వచ్చే ఎర్రకళ్ళ తీరే మారిపోతుంది. కోసేటప్పుడు వరి ఆకు అంచు కంటిని గీరుతుంది. నూర్పిళ్ళప్పుడు గింజ మొన వచ్చి తగులుతుంది. కోతమిషన్లు వచ్చాక కొడవలి పని తగ్గింది గానీ, ట్రాక్టరు తొట్టిలోకి ధాన్యం పడేచోట నిలబడి సర్దే మనిషికి, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యాన్ని ఫ్యాను పెట్టి తూర్పారబట్టే మనిషికి నలుసు బెడద తప్పలేదు.

నల్లగుడ్డు ముందుండే పారదర్శకమైన పొరని కార్నియా అంటాం. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకి కాస్త ఎక్కువ, అంతే. దాని పైపొర చెక్కుకుపోయిందంటే ఆకు మీదా గింజ మీదా మట్టిలోనూ ఎప్పుడూ ఉండే ఫంగస్‌కి లోపలికి దారి దొరికినట్టే. గీత పడ్డ రోజు కన్ను కరకరలాడుతుంది, నీరు కారుతుంది. మర్నాటికి కొంచెం నయమనిపిస్తుంది. ఫంగస్ నెమ్మదిగా పెరిగే రకం కాబట్టి అసలు పుండు బయటపడడానికి కొన్ని రోజులు పడుతుంది. మనవాళ్ళు మోసపోయేది ఆ మధ్య రోజుల్లోనే.

ఒక దాళ్వాకి వచ్చిన రైతుని చూడండి. "గింజ ఎగిరి కంట్లో పడిందండి, ఆయ్. వారం అవుతోందండి. మందుల షాపులో చుక్కలిచ్చారండి, వేసుకుంటే చల్లగా ఉంది, ఎరుపు కూడా తగ్గిందండి. రెండ్రోజుల నుంచి మళ్ళీ పోటు." కంటిని పెద్దగా చేసి చూపే స్లిట్ ల్యాంపు ముందు గడ్డం ఆనించమన్నాను. నారింజ రంగు కాగితపు పట్టీని తడిపి కింది రెప్ప లోపల తాకించి, నీలం వెలుగు వేశాను. పైపొర లేనిచోట రంగు అంటుకుని ఆకుపచ్చగా మెరిసింది. మామూలు వెలుగులో చూస్తే అక్కడే బూడిద తెలుపు మచ్చ, అంచులు నున్నగా లేవు, పీచుపీచుగా చుట్టూ పాకుతున్నాయి. పక్కనే ఇంకో చిన్న చుక్క. జేబులోంచి తీసిచ్చిన సీసా మీద చదివితే అందులో స్టిరాయిడ్ ఉంది.

స్టిరాయిడ్ చుక్కలు చెడ్డవని కాదు. శుక్లాల ఆపరేషన్ తర్వాత, కొన్ని రకాల వాపులకి డాక్టర్లు రాసేది వాటినే. కానీ అవి కంటి సొంత పోరాటాన్ని అణుస్తాయి. ఎరుపూ నొప్పీ ఆ పోరాటపు గుర్తులే కాబట్టి అవి తగ్గుతాయి, కింద ఫంగస్ మాత్రం అడ్డులేకుండా పెరుగుతుంది. ఆ రైతుని అదే రోజు కార్నియా స్పెషలిస్టు దగ్గరికి పంపాం. ఫంగస్‌కి వాడే నాటమైసిన్ చుక్కలు మొదట్లో గంటకోసారి వేయాలి, వారాల తరబడి కొనసాగించాలి. 2013లో వెలువడ్డ ఒక పెద్ద పరిశోధన దక్షిణ భారతంలోని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో జరిగింది, కొత్తగా వచ్చిన వోరికొనజోల్ కన్నా ఈ పాత మందే మెరుగని అందులో తేలింది. పుండు మానింది. కానీ మానినచోట తెల్లమచ్చ మిగిలింది, సరిగ్గా కంటిపాప ఎదురుగా. అద్దాల పవర్ ఎంత మార్చినా ఆ మచ్చలోంచి చూపు రాదు. ఇక మిగిలిన దారి కార్నియా మార్పిడే.

ఈ గతి పట్టకుండా మొదట్లోనే ఆపొచ్చా? నేపాల్‌లోని భక్తపూర్ జిల్లాలో పల్లెటూరి ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి, కంటికి గీత పడ్డవాళ్ళకి మూడు రోజులు యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ పెట్టించారు. 2001లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 442 మందిలో 96 శాతం మందికి ఏ ఇన్‌ఫెక్షనూ లేకుండా మానిపోయింది. దెబ్బ తగిలిన 18 గంటల్లోపు వచ్చినవాళ్ళలో ఒక్కరికీ పుండు కాలేదు. తర్వాత అదే దేశంలో జరిగిన మరో పెద్ద ప్రయత్నంలో పుండ్ల సంఖ్యలో అంత స్పష్టమైన తేడా కనబడలేదు కాబట్టి ఆయింట్‌మెంట్‌ని సర్వరోగ నివారిణి అనను. కానీ మొదటి రోజే కంటిని చూపించుకోవడం వల్ల కలిగే మేలుని నేను ప్రతి కోతల కాలంలోనూ కళ్ళారా చూస్తున్నాను.

ఇదంతా జరగకుండా ఆపేది ఒక తెల్ల గాగుల్స్. పాలీకార్బొనేట్‌తో చేసినవి, పక్కల నుంచి కూడా మూసినవి, మామూలు రకం రెండు మూడు వందల లోపే దొరుకుతాయి. కొనేటప్పుడు ఐఎస్ఐ ముద్ర గానీ, అద్దం మీదో కాడ మీదో జెడ్ 87 అనే అక్షరాలు గానీ ఉన్నాయేమో చూడండి. అవి ఎగిరొచ్చే వస్తువు దెబ్బకి తట్టుకునేలా తయారైనవని తెలిపే ప్రమాణాలు. రంగు అద్దాలు వద్దు, చేలో తెల్లవే మేలు. తెల్లవారుజామునా, సాయంత్రం చీకటి పడేవేళా కూడా పని జరుగుతుంది కదా.

"పెట్టుకుంటే చెమట పట్టి ఏమీ కనబడట్లేదండి" అని తీసి జేబులో పడేసేవాళ్ళే ఎక్కువ. న్యాయమైన ఫిర్యాదే. ఏప్రిల్ ఉక్కలో మూసిన అద్దం వెనక ఆవిరి పట్టకుండా ఎలా ఉంటుంది? కోతలకీ తూర్పారకీ పూర్తిగా మూసినవి అక్కర్లేదు, కనుబొమల దగ్గర గాలి ఆడుతూ పక్కరెక్కలున్నవి చాలు. తలకి చుట్టిన తువ్వాలు కనుబొమల పైదాకా దించి కడితే చెమట అద్దం మీదికి కారదు. కాడలకి వెనకనుంచి తాడు వేసుకోండి, వంగినప్పుడల్లా జారి నీళ్ళలో పడకుండా.

మీరు ఇప్పటికే పవర్ అద్దాలు వాడుతుంటే అవే రక్షణ అనుకోకండి. అద్దం దేనితో చేసిందో కనుక్కోండి. గాజు అద్దానికి గీతలు పడవు, చూపు స్వచ్ఛంగా ఉంటుంది, కానీ పగిలితే ముక్కలు కంట్లోకే. దుకాణాల్లో ఎక్కువగా ఇచ్చే మామూలు ప్లాస్టిక్ అద్దం గాజు కన్నా తేలిక, గట్టి దెబ్బకి మాత్రం అదీ పగులుతుంది. పాలీకార్బొనేట్ పగలడం చాలా అరుదు, అతినీలలోహిత కిరణాలనీ ఆపుతుంది. దాని లోపమల్లా త్వరగా గీతలు పడడమే. అందుకే పైన గట్టి పూత ఉన్నది అడగండి, దుమ్ము పట్టిన అద్దాన్ని పొడి లుంగీతోనో పైటతోనో తుడవకుండా ముందు నీళ్ళతో కడగండి. ఒంటికన్నుతో నెట్టుకొచ్చేవాళ్ళకి, ఆటలాడే పిల్లలకి, చేతిలో సుత్తో గ్రైండరో ఉండేవాళ్ళకి నేను పాలీకార్బొనేట్ తప్ప వేరేది ఇవ్వను. మిగిలి ఉన్న ఒక్క కంటి విషయంలో ధర గురించి బేరం వద్దని గట్టిగానే చెబుతాను.

చెరువుల మీద పనిచేసేవాళ్ళకి వేరే హెచ్చరిక. రొయ్యల చెరువుకి, చేపల చెరువుకి సున్నం చల్లడం మామూలే. గట్టు మీద నుంచి బస్తా విప్పి చల్లుతుంటే గాలి ఒక్కసారి తిరిగిందంటే ఆ పొడి నేరుగా మొహాన కొడుతుంది. యాసిడ్ కన్నా సున్నం ప్రమాదకరమంటే చాలామంది నమ్మరు. యాసిడ్ పడితే కంటి పైభాగం గడ్డకట్టినట్టయి, అదే కొంతవరకు లోతుకి పోకుండా అడ్డుపడుతుంది. సున్నం లాంటి క్షారం కణజాలాన్ని కరిగించుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటుంది. పైగా ముద్దలు రెప్పల కింద నక్కి గంటల తరబడి కాలుస్తాయి. ఈ పనికి గాలి ఆడే పక్కరెక్కల జోడు చాలదు. చుట్టూ మొహానికి అతుక్కుని, ఎలాస్టిక్ పట్టీతో బిగించుకునే గాగుల్సే కావాలి, ఉక్కగా ఉన్నా సరే. గాలి వీపున తగిలేలా నిలబడి చల్లండి. అన్నిటికన్నా ముందు, సున్నం బస్తా విప్పకముందే బిందెడు మంచినీళ్ళు గట్టు మీద పెట్టుకోండి.

పడిందనుకోండి. ఆసుపత్రికి పరుగెత్తడం రెండో పని. మొదటిది, ఉన్నచోటనే కడగడం. మనిషిని పడుకోబెట్టి, రెప్పలు వేళ్ళతో విడదీసి పట్టుకుని, కనీసం పదిహేను నిమిషాలు, వీలైతే అరగంట, ధారగా నీళ్ళు పోస్తూనే ఉండాలి. కనుగుడ్డు అటూ ఇటూ తిప్పమనాలి. పై రెప్ప ఎత్తి లోపల తెల్లటి ముక్కలేమైనా కనబడితే తడిగుడ్డ కొసతో తీసెయ్యాలి. నిమ్మరసం, వెనిగర్ లాంటి పులుపు పోస్తే విరుగుడవుతుందని ఎవరన్నా సలహా ఇస్తే వినొద్దు. మంచినీళ్ళ బిందె దగ్గర లేకపోతే కుళాయో, బోరో, అదీ లేకపోతే తాగడానికి తెచ్చుకున్న సీసాయో. తాంబూలానికి వాడే సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కి ఆడుకుంటూ కంట్లోకి చిమ్ముకోవడం కూడా ఇదే కోవ ప్రమాదం, అది ఇంట్లో పిల్లలకి అందనిచోట ఉండాలి.

కోనసీమలో కొబ్బరి దింపు కార్మికులు తలెత్తి పనిచేస్తారు. మొవ్వులోంచి పొడి, పీచు, ఎండిన పూరేకులు సూటిగా కళ్ళలోకే రాలతాయి. ఒలుపు పనిలో పీచు దుమ్ము. వీళ్ళకీ వరికి చెప్పిన జోడే సరిపోతుంది. కడియం, కడియపులంక నర్సరీల్లో మొక్కలు కత్తిరించేవాళ్ళకి, ముఖ్యంగా గులాబీలు, ముళ్ళ బోగన్‌విల్లాల దగ్గర వంగేవాళ్ళకి కూడా అంతే. మందు కొట్టేవాళ్ళు మాత్రం సున్నానికి చెప్పినట్టే పూర్తిగా మూసినవి పెట్టుకోవాలి.

వెల్డింగ్ షాపుల్లో కుర్రాళ్ళు బజారులో కొన్న నల్ల కళ్ళద్దాలతో ఆర్క్ వైపు చూస్తుంటారు. పగలు ఏమీ తెలియదు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత, అర్ధరాత్రి, కళ్ళలో ఇసుక పోసినట్టు నొప్పి మొదలవుతుంది. ఆర్క్ వెల్డింగ్‌కి 10 లేదా అంతకన్నా ఎక్కువ షేడ్ నంబరున్న అద్దంతో, మొహమంతా కప్పే కవచం కావాలి. పక్కన నిలబడి రాడ్ అందించే కుర్రాడికి కూడా కావాలి.

ఇప్పుడు దెబ్బల గొడవ లేని పని గురించి. నరసాపురం, పాలకొల్లు ఊళ్ళలో లేసు అల్లే ఆడవాళ్ళకి నలభై దాటేసరికి దారం మసకబారుతుంది. కుట్టు తప్పుతుంది, విప్పి మళ్ళీ అల్లాలి, తలనొప్పి వస్తుంది. "పని చేతకావట్లేదండీ, మానేశాను" అంటారు. చేతకాకపోవడం కాదమ్మా, చత్వారం. వయసుతో కంటిలోపలి లెన్స్ బిగుసుకుపోయి దగ్గరి వస్తువు మీద చూపు నిలపలేకపోతుంది. అందరికీ వచ్చేదే. అస్సాంలో తేయాకు కోసే నలభై దాటిన 751 మంది మీద చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. దగ్గరి చూపు అద్దాలు ఇచ్చిన జట్టు, ఇవ్వని జట్టు కన్నా రోజుకి దాదాపు 22 శాతం ఎక్కువ ఆకు కోసింది. మందూ లేదు, ఆపరేషనూ లేదు, ఒక్క జత అద్దాలు. లేసు పని తేయాకు కన్నా ఎంతో సన్నం. అక్కడి లాభం ఇక్కడ ఇంకా ఎక్కువే ఉంటుందని నా నమ్మకం.

పరీక్షకి వచ్చేటప్పుడు మీ పని వెంట తెచ్చుకోండి. లేసు సూది, దారం తెచ్చి, కుర్చీలో కూర్చుని, ఇంట్లో అల్లినట్టే నాలుగు కుట్లు అల్లి చూపించండి. టేపు పెట్టి కొలుస్తాం. దారం కంటికి 33 సెంటీమీటర్ల దూరంలో ఉంటే కంటికి అక్కడ 3 డయాప్టర్ల శక్తి కావాలి. 40 సెంటీమీటర్లయితే రెండున్నర చాలు. ఉప్పాడలో జాందానీ నేసేవాళ్ళకి మగ్గం మీది నేత అరమీటరు దూరంలో ఉంటే 2. అందుకే పేపరు చదివే దూరానికి ఇచ్చిన పవర్‌తో మగ్గం ముందు కూర్చుంటే మెడ ముందుకి సాగి, సాయంత్రానికి వీపు పట్టేస్తుంది. నేతగాళ్ళు నడుంనొప్పికి మాత్రలు మింగుతుంటే, తప్పంతా అద్దాల్లో ఉండడం నేను చూస్తూనే ఉన్నాను.

సంతలో, తీర్థంలో దొరికే రెడీమేడ్ చదువు అద్దాల మీద నాకు పగ లేదు. రెండు కళ్ళకీ ఒకే పవర్ సరిపోయేవాళ్ళకి, సిలిండర్, అంటే ఒక దిశలో మాత్రమే దిద్దే పవర్, అవసరం లేనివాళ్ళకి అవి అత్యవసరానికి పనికొస్తాయి. కానీ అవి కొనుక్కుని కంటి పరీక్ష మానేస్తే, గ్లకోమా లాంటివి చెప్పాపెట్టకుండా చూపుని అంచుల నుంచి తినేస్తుంటే కనిపెట్టేవాళ్ళుండరు. నలభై దాటాక రెండేళ్ళకోసారైనా, షుగరుంటే ఏడాదికోసారి తప్పకుండా, పాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని లోపలి నరాన్నీ రెటీనానీ చూపించుకోండి.

బైఫోకల్స్ గురించి ఒక మాట, ఇది ఎవరూ చెప్పరు కాబట్టి. కింది సగంలో దగ్గరి పవర్ ఉంటుంది. చేలో గట్టు మీద నడిచేటప్పుడు మనిషి పాదాల వైపు చూస్తాడు, అంటే ఆ కింది సగంలోంచే. అయిదడుగుల అవతలున్న గట్టు అందులో మసకగా, ఉన్నచోట లేనట్టుగా కనబడుతుంది. బోదె దాటేచోట, మెట్లు దిగేచోట పడిపోయేది అందుకే. పెద్దవాళ్ళు చేలో తిరిగేటప్పుడు దూరం చూపు మాత్రమే ఉన్న జోడు పెట్టుకుని, చదువుకునేది విడిగా ఇంట్లో ఉంచుకుంటే మేలు. రెండు జోళ్ళ ఖర్చు తుంటి ఎముక విరిగితే అయ్యే ఖర్చు ముందు లెక్కలోది కాదు.

చలవద్దాలు కొంటే యూవీ 400 అని రాసి ఉందో లేదో చూడండి. ఎంత నల్లగా ఉన్నాయన్నది ముఖ్యం కాదు. యూవీ ఆపకుండా ఉత్త నలుపే ఉంటే, ఆ చీకట్లో పాప పెద్దదై ఇంకా ఎక్కువ కిరణాలు లోపలికి పోతాయి. ఎండలో పనిచేసేవాళ్ళకి తెల్లగుడ్డు మీంచి నల్లగుడ్డు మీదికి పాకే కండపొర ఎక్కువగా వస్తుంది, దానికి అంచు వెడల్పున్న టోపీ, ఇలాంటి అద్దాలే అడ్డు. బ్లూ కట్ అద్దాలకి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు, కంటి అలసటకి వాటివల్ల తేడా రాలేదని 2023లో కోక్రేన్ సమీక్ష తేల్చింది. రాత్రి కాలవ గట్టు వెంట బండి నడిపేవాళ్ళు హెల్మెట్ ముందద్దం దించుకోండి, పంట కాలంలో దీపాల చుట్టూ ముసిరే పురుగులు కంట్లో కొడితే బండి అదుపు తప్పుతుంది.

కాంటాక్ట్ లెన్సులు వాడే పిల్లలున్న ఇళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 2027లో మళ్ళీ గోదావరి పుష్కరాలు. లెన్సులు కళ్ళలో ఉండగా నదిలో గానీ, చెరువులో గానీ, కుళాయి కింద గానీ తల ముంచొద్దు. నీళ్ళలో ఉండే అకాంతమీబా అనే క్రిమి లెన్స్ కింద చేరితే వచ్చే పుండు నెలల తరబడి వేధిస్తుంది. స్నానానికి ముందు తీసి డబ్బాలో, కుళాయి నీళ్ళు కాక లెన్సుల ద్రావణంలోనే పెట్టి, పూర్తిగా తుడుచుకుని చేతులు కడుక్కున్నాకే మళ్ళీ పెట్టుకోండి.

ఇక ఏ పనిలోనైనా కంటికి ఏదన్నా తగిలితే నలపొద్దు. సున్నంలాంటివైతే కడగమన్నాను కదా. ఆకో గింజో గీరితే శుభ్రమైన నీళ్ళతో ఒకసారి కడిగి వదిలెయ్యండి. చనుబాలు, ఆముదం, ఆకు పసరు, ఏదీ పోయొద్దు. ఇనుప ముక్క లోపలికి దిగినట్టు అనుమానం ఉంటే కడగొద్దు, నొక్కొద్దు, కాగితం కప్పు కంటికి తగలకుండా పైన అడ్డుపెట్టి కట్టి తీసుకెళ్ళండి. కార్నియా డాక్టరు ఉన్న ఆసుపత్రికి వెళ్ళండి, కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో కంటి విభాగం ఉంది, విజయవాడ దగ్గర తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ సంస్థ ఉంది. వెళ్ళేటప్పుడు అప్పటిదాకా కంట్లో వేసిన చుక్కల సీసాలన్నీ, ఖాళీవైనా సరే, సంచిలో వేసుకుని వెళ్ళండి. ఏ మందు పడిందో తెలియక డాక్టరు ఊహించుకుంటూ గడిపే సమయం మీ కంటికి మిగులుతుంది.